ఒకే కత్తిలో రెండు కాలాలు

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని తెలుగువారి సామెత. ఒక కత్తిలో రెండు కాలాలు మాత్రం ఇముడుతాయి. ఈ సంగతి పుదుచ్చేరి పట్టణంలో నివసించే ఒక తెలుగు యువకునికి ఇరవై ఆరవ యేట గాని తెలిసిరాలేదు. అతనికి దానిని నేర్పినది ఇంటి వెనుక వసారాలో మూలన పడి ఉన్న ఒక పాత కత్తిపీట.

పుదుచ్చేరిలో సముద్రతీరం నుండి పడమరగా సాగే వీధులలో లాల్ బహదూర్ శాస్త్రి వీధి ఒకటి. కాగితాల మీద ఈ పేరున్నా, పట్టణవాసుల నోట నేటికీ అది బుస్సీ వీధే. తెలుగువారికి ఈ పేరు కొత్తది కాదు. 1757 జనవరి 24న విజయనగర ప్రభువు విజయరామరాజు పక్షాన నిలిచి బొబ్బిలి కోటపై ఫిరంగులు పేల్పించిన ఫ్రెంచి సేనాని ఈ బుస్సీయే. అతడు 1785లో ఈ పట్టణంలోనే కన్నుమూశాడు. ఆ వీధికి చేరువగా ఉన్న ఒక సందులో, రెండు గదుల అద్దె ఇంటిలో ఆ యువకుడు తన తల్లితో కలసి ఉంటాడు. వారి స్వస్థలం యానాం. కాకినాడకు సమీపాన, గోదావరి పాయ ఒడ్డున ఉన్న యానాం, పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో తెలుగు మాట్లాడే భాగం. తండ్రి ప్రభుత్వోద్యోగ రీత్యా ఇక్కడికి బదిలీ అయినప్పుడు భార్యను, కొడుకును, వృద్ధురాలైన తన తల్లిని వెంటబెట్టుకొని వచ్చాడు. ఆయన గతించి కొన్నేళ్ళయినది. నాయనమ్మ నిరుటి వేసవిలో వెళ్ళిపోయినది. ఇక మిగిలినది తల్లీ కొడుకులు.

అతని వృత్తి కొంత విచిత్రమైనది. వీడియో గేములకు, అనగా కంప్యూటర్ మీద ఆడే ఆటలకు, కావలసిన వస్తువులను అతడు తయారు చేస్తాడు. ఆటలోని లోకంలో తలుపులుండాలి, దీపపు సెమ్మెలుండాలి, పగిలిన కుండలుండాలి. వాటిలో ప్రతి ఒక్కదానిని ఎవరో ఒకరు కూర్చుని తీర్చిదిద్దవలసిందే. మన దేశంలో ఈ పరిశ్రమ మరీ కొత్తదేమీ కాదు. బెంగళూరులో 1997లోనే ధ్రువ ఇంటరాక్టివ్ సంస్థ ఆరంభమై, విదేశీయుల ఆటలకు ఇటువంటి వస్తువులను చేసి పంపినది. పూణేలో రూపొందిన ‘రాజీ’ అన్న ఆట 2020లో వెలువడి, మన పురాణాల వాతావరణాన్ని ఇతర దేశాల ఆటగాళ్ళకు చూపినది.

మన పెద్దలు నాటకాలలో అట్టకత్తులను చూచారు. అట్టను కత్తిరించి, వెండికాగితం అంటించి, రాజు నడుమున కడితే చాలేది. ప్రేక్షకుడు ఇరవై గజాల దూరాన కూర్చునేవాడు. దీపాల వెలుగులో అట్ట కూడా ఉక్కువలె మెరిసేది. కాని ఆటలోని కత్తిని ఆటగాడు తన కళ్ళకు జానెడు దూరానికి తెచ్చుకుంటాడు, అటు తిప్పుతాడు, ఇటు తిప్పుతాడు. అట్టకత్తి అక్కడ ఒక్క క్షణం కూడా నిలువదు.

వేరొక నగరంలోని ఒక సంస్థ ఈ యువకునికి ఆరు నెలల గడువుతో ప్రయోగాత్మకంగా పని ఇచ్చినది. అయిదవ నెలలో వచ్చిన పని ఒక కత్తి. దానిని తృప్తికరంగా చేస్తే ఉద్యోగం స్థిరపడుతుంది. చేయలేకపోతే ఆరవ నెలతో సెలవు. కత్తిని గురించి సంస్థ వ్రాసి పంపిన వివరణ రెండే రెండు వాక్యాలు. ‘తూర్పు తీరాన ఒక చిన్న కోటలోని సైనికుడు ఇరవై సంవత్సరాలు ధరించిన కత్తి ఇది. కోట పడిపోయిన నాడు గోడ కూలి, రాళ్ళ సందున చిక్కుకుపోయి, కొన్ని దశాబ్దాల తరువాత ఆటగాని కంట పడుతుంది.’

అతడు వివరణ చదివి, ‘పాత కత్తి’ అని అర్థం చేసుకున్నాడు. పొరపాటు అక్కడే జరిగినది.

ఇటువంటి కత్తి ఎట్లా తయారవుతుందో తెలిస్తే తప్ప ఆ పొరపాటు బోధపడదు. కంప్యూటర్‌లో వస్తువు రూపమంతా చిన్న చిన్న త్రిభుజాల కూర్పు. కమ్మరి ఇనుమును కాల్చి సాగదీసినట్లే, శిల్పి ఇక్కడ ఆ త్రిభుజాలను లాగి, వంచి, వెన్నును, వాదరను, మొనను తీస్తాడు. ఇందుకు అతడు వాడే సాధనం పేరు బ్లెండర్. ప్రజల విరాళాలతో లక్ష యూరోలు పోగుచేసి 2002లో దానిని అందరికీ ఉచితం చేశారు. ఆనాటి నుండి ఎందరో పేద విద్యార్థులకు అది ఉపాధి మార్గమైనది. మొదట లక్షల త్రిభుజాలతో, ప్రతి గంటు, ప్రతి గీత కనిపించేటట్లు ఒక కత్తిని చేస్తారు. అంత బరువైన రూపాన్ని ఆట మోయలేదు గనుక, కొన్ని వేల త్రిభుజాలతో అదే కొలతల తేలికపాటి కత్తిని మరొకటి చేస్తారు. మొదటి కత్తిలోని గంట్లను, గీతలను ఒక పటంగా తీసి రెండవదానికి తొడుగుతారు. నున్నని ఉపరితలం మీద వెలుగు పడే దిశను కొద్దిగా మారిస్తే కంటికి అక్కడ ముడుతలున్నట్లు తోస్తుందని 1978లో జేమ్స్ బ్లిన్ అనే శాస్త్రజ్ఞుడు చూపినాడు. నేటి ఆటలలోని గంట్లు, సొట్టలు అన్నీ ఆ ఊహకు సంతానమే.

ఆపైన రంగుల పని. దానిని రంగు అనడం కంటే స్వభావం అనడం సముచితం. కత్తి మీది ప్రతి చుక్కకూ కొన్ని ప్రశ్నలకు సమాధానం చెప్పాలి. ఇక్కడ ఉన్నది లోహమా, కాదా? నునుపా, గరుకా? దీని మీద పడిన వెలుగు సూటిగా తిరిగి వస్తుందా, చెదరిపోతుందా? ఒక చిత్రమైన సంగతి ఏమంటే, తుప్పు పట్టిన చోటును ‘లోహం కాదు’ అని గుర్తించాలి. తుప్పు ఇనుము నుండి పుట్టినదే అయినా ఇనుము కాదు. ఇనుమూ, ప్రాణవాయువూ, నీరూ కలసిన వేరొక పదార్థం. అది మెరవదు.

ఈ స్వభావాలను అద్దడానికి 2014లో వెలువడిన సబ్‌స్టాన్స్ పెయింటర్ వంటి సాధనాలున్నవి. వాటిలో ‘పాత ఇనుము’, ‘అరిగిన అంచు’, ‘దుమ్ము’ అంటూ సిద్ధంగా ఉంచిన పూతలుంటాయి. ఒక్క మీట నొక్కితే యంత్రమే వస్తువు అంచులన్నిటినీ వెదకి పట్టుకొని అరగదీస్తుంది, గుంటలన్నిటిలో మురికి నింపుతుంది. క్షణంలో కొత్త కత్తి వంద సంవత్సరాల కత్తి అవుతుంది.

మన యువకుడు ఆ మీట నొక్కినాడు.

మూడవ నాడు సంస్థలోని పెద్ద కళాకారుడు ఫోన్ చేశాడు. ఆయన మితభాషి, తమిళుడు. “పాతగానే ఉన్నది. కాని ఇది ఎవరిదీ కాదు” అన్నాడు. అంతే.

ఈ మాట యువకుని మనసులో ముల్లువలె గుచ్చుకున్నది. తనకు కత్తులను గురించి తెలియకపోవడమే లోపమని నిర్ణయించుకున్నాడు. చదవడం మొదలుపెట్టాడు. చదివినకొద్దీ తన పూర్వులు నడచిన నేల మీద ఎంతటి ఉక్కు పుట్టినదో తెలిసి ఆశ్చర్యపోయాడు. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రం అనే గ్రామంలో కమ్మరులు మట్టిమూసలలో ఇనుమును మూసివేసి, గంటల తరబడి కాల్చి, చల్లార్చి, ఉక్కు ముద్దలు తీసేవారు. పారశీక వర్తకులు అంత దూరం నుండి వచ్చి వాటిని కొనుక్కుపోయేవారు. ఆ ముద్దలతో సాగదీసిన కత్తుల మీద నీటి అలల వంటి చారలు తేలేవి. ‘ఉక్కు’ అన్న మన మాటే పాశ్చాత్యుల నోట ‘ఊట్జ్’గా మారినదని పండితుల అభిప్రాయం. 1795లో జార్జ్ పియర్సన్ లండన్ రాయల్ సొసైటీకి ఈ ఉక్కును గురించి వ్యాసం సమర్పించాడు. 1819లో మైకేల్ ఫారడే అంతటివాడు దానిని పరిశీలించాడు.

చదువు చాలక, ఒక ఆదివారం తెల్లవారుజామున బస్సెక్కి నూట యాభై కిలోమీటర్ల దూరంలో ఉన్న చెన్నై చేరుకున్నాడు. ఎగ్మూరులోని ప్రభుత్వ సంగ్రహాలయం 1851లో స్థాపించబడినది. తంజావూరు కోటలోని ఆయుధాగారం నుండి వచ్చిన కత్తులు అక్కడ ఉన్నవి. అద్దాల ముందు నిలబడి అతడు సాయంకాలం దాకా బొమ్మలు గీసుకున్నాడు. పిడి చివరన తట్ట వంటి గుండ్రని బిళ్ళ, చేతిని కాచే అడ్డుపట్టీ, పిడికిలి మాత్రమే పట్టే ఇరుకైన నడుము, అన్నిటినీ కొలుచుకున్నాడు. కత్తి తోకను పిడిలో దూర్చి, కరిగించిన లక్క వంటి జిగురుతో బిగించేవారని, కాలం గడచినకొద్దీ ఆ జిగురు పెళుసుబారి పిడి వదులవుతుందని చదివి తెలుసుకున్నాడు. తన కత్తి పిడిని వెంట్రుకవాసి పక్కకు వాల్చాలని అక్కడే గుర్తు వ్రాసుకున్నాడు.

రెండవ కత్తి మొదటిదానికంటె ఎన్నో రెట్లు మేలైనది. ఆకారం సరైనది, కొలత సరైనది. తుప్పును ఈసారి యంత్రానికి వదలలేదు. పుదుచ్చేరి సముద్రపుటొడ్డున ఇంటింటి కిటికీ చువ్వలనూ, పడవల గొలుసులనూ ఫోటోలు తీసి, ఆ పొరలను, ఆ పొక్కులను చేత్తో దిద్దాడు. పుదుచ్చేరిలో తుప్పుకు కొదువ లేదు. సముద్రపు గాలిలోని ఉప్పు ఇనుము మీద పేరుకుంటుంది. ఉప్పు గాలిలోని తేమను పీల్చుకొని, వాన లేని రోజున కూడా ఇనుమును తడిగా ఉంచుతుంది. పుట్టిన తుప్పు ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమించుకొని పొరలుగా లేచిపోతుంది. లేచిన పొర కింద మళ్ళీ కొత్త ఇనుము గాలికి బయటపడుతుంది. ఇదంతా అతడు ఎంతో శ్రద్ధగా చిత్రించాడు.

మళ్ళీ ఫోన్ వచ్చినది. “ఈసారి తుప్పు బాగున్నది. మనిషి లేడు” అన్నాడు ఆ మితభాషి. ఒక క్షణం ఆగి, “పది రోజులు చూద్దాం” అన్నాడు.

పది రోజుల తరువాత ఏమవుతుందో చెప్పనక్కరలేదు. ఆ రాత్రి అతడు అన్నం ముందు కూర్చొని కూడా తెర మీది కత్తినే తలచుకుంటున్నాడు. తల్లి వడ్డిస్తూ, మాటలలో మాటగా, “రేపు పాత ఇనుము కొనేవాడు వీధిలోకి వస్తాడట. వసారాలో ఉన్న ఆ కత్తిపీట ఇచ్చేద్దామనుకుంటున్నానురా” అన్నది.

“నాయనమ్మదా?” అన్నాడు అతడు తలెత్తి.

“అత్తయ్య లేని ఇంట్లో దాని మీద ఎవరు కూర్చుంటారు? నాకా, చాకు అలవాటైపోయింది. ఎదురుగా కనబడుతుంటే మనసు చివుక్కుమంటున్నది. తుప్పు కూడా పట్టింది.”

ఆ చివరి మాట అతని చెవిలో పడినది. చేయి కడుక్కొని, ఫోన్‌లోని దీపం వెలిగించుకొని వసారాలోకి వెళ్ళాడు.

కత్తిపీటను తెలుగువారికి వర్ణించి చెప్పనక్కరలేదు. పీట, పీట మీద నిలువునా లేచిన వంపు కత్తి, కత్తి కొసన కొబ్బరి కోరే పళ్ళు. నాయనమ్మ కాపురానికి వచ్చినప్పుడు పుట్టింటివారు యానాంలో కమ్మరి చేత చేయించి ఇచ్చినది. యాభై సంవత్సరాలకు పైగా ఆమె ఒక కాలు మడిచి, ఒక కాలు చాపి, దాని మీద కూర్చొని కూరలు తరిగినది. పుదుచ్చేరికి వచ్చేటప్పుడు అన్నీ లారీలో వేసి, దీనిని మాత్రం గుడ్డలో చుట్టి తన చేతి సంచిలో తెచ్చుకున్నది. ఆమె పోయిన తరువాత దానిని ఎవరూ తాకలేదు. అక్టోబరు నుండి డిసెంబరు దాకా కురిసే ఈశాన్య రుతుపవనపు వానలలో అది వసారా మూలన జల్లుకు తడుస్తూ పడి ఉన్నది.

దీపపు వెలుగులో అతడు దానిని ఎత్తి చూచాడు. కత్తి పిల్లంచంతా ఒకే తీరున అరగలేదు. పాదం నుండి మూడు వేళ్ళ ఎత్తున, సరిగ్గా కూరగాయ ఆనే చోట, వాదర లోపలికి లొంగి చంద్రవంకవలె ఉన్నది. దాని కిందా పైనా అంచు ఇంకా నిండుగానే ఉన్నది. పీట ఎడమ భాగాన, ఆమె మోకాలి కింది ఒత్తిడి పడే చోట, చెక్క నూనె రాసినట్లు నిగనిగలాడుతున్నది. మిగిలిన చోట గరుకు. కత్తి పక్కలను చూచాడు. ఎర్రని తుప్పు పొర కింద, అక్కడక్కడ, కాటుక వంటి నీలినలుపు కనిపించినది. అరటికాయలలోని వగరు ఇనుముతో కలిసి వేసిన మరక అది. ఏళ్ళ తరబడి ఆ మరక మీద మరక పడి, తుడిచిన కొంగు మీద కొంగు ఆని, ఇనుము ఆ రంగు తెచ్చుకున్నది.

మరి తుప్పు? అది ఎక్కడ ఉన్నది? కత్తి పీటలోకి దిగే మొదట్లో, వాననీరు నిలిచే సందున, పొక్కులు పొక్కులుగా లేచినది. గోడ వైపు ఉన్న పక్కన తక్కువ; జల్లు కొట్టే పక్కన ఎక్కువ. కొస పళ్ళ మీద దాదాపు లేనే లేదు. యాభై ఏళ్ళ కొబ్బరినూనె ఆ పళ్ళ సందులలో ఇంకి వాటిని కాపాడుతున్నది.

అతడు తల్లిని పిలిచాడు. “అమ్మా, నాయనమ్మ ఉన్నప్పుడు దీనికి తుప్పు ఉండేదా?”

“ఎందుకుంటుందిరా? రోజూ తరిగి, కడిగి, తుడిచి పెట్టేది కదా. ఇదంతా ఈ ఒక్క వానాకాలంలో పట్టిందే.”

అర్ధశతాబ్దపు వాడుకలో ఒక్క చుక్క తుప్పు పట్టని ఇనుము, అలక్ష్యం చేసిన ఒక్క రుతువులో ఎర్రబారిపోయినది. యువకుడు అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. ఇన్నాళ్ళుగా తాను ‘పాత’ అన్న ఒకే మాట కింద రెండు వేరు వేరు సంగతులను కలగాపులగం చేసినట్లు అతనికి తోచినది. వాడుక వస్తువును అరగదీస్తుంది. నునుపు చేస్తుంది, నలుపు చేస్తుంది, మనిషి ఒంటి తీరును దాని మీద అచ్చు వేస్తుంది. తుప్పు వేరు. అది మనిషి వెళ్ళిపోయిన తరువాత వస్తుంది. గాలి, నీరు, ఉప్పు తమ దారిన తాము చేసుకుపోయే పని అది. వాటికి ఆ వస్తువు ఎవరిదన్న విచారణ లేదు. తన రెండవ కత్తిలో గాలీ నీరూ ఉన్నవి. ఆ సైనికుడు లేడు.

సంస్థ పంపిన వివరణను మళ్ళీ తెరచి చూచాడు. రెండు వాక్యాలు. మొదటి వాక్యం ఇరవై సంవత్సరాల వాడుక. రెండవ వాక్యం దశాబ్దాల ఏకాంతం. ఎవరో వివేకి సరైన క్రమంలోనే వ్రాశాడు.

“ఒక్క పది రోజులు దీనిని ఇవ్వకమ్మా” అన్నాడు. తల్లి అతని ముఖం చూచి మారు పలుకలేదు.

మరునాడు అతడు పాత పని నంతటినీ పక్కన పెట్టి, కొత్త కత్తిని చేశాడు. ఏ మచ్చా లేని, అప్పుడే కమ్మరి చేతి నుండి వచ్చిన కత్తి. తరువాత దానిని ఇరవై సంవత్సరాలు వాడినాడు. ఈ మాట హాస్యానికి చెప్పినది కాదు. అతడు చేసినది సరిగ్గా అదే. కాగితం మీద ఆ సైనికుని దినచర్య వ్రాసుకున్నాడు. కుడిచేతి వాటమువాడు. కత్తిని ఒరలో నుండి దూయునప్పుడల్లా ఒర నోరు ఒకే చోట రాచుకుంటుంది గనుక, ఆ గీత వెంట సన్నని మెరుపు. సానరాయి మీద ఏళ్ళ తరబడి నూరినందువలన వాదర నడుమ భాగాన కొంత సన్నబడినది. మొన దగ్గర మొదటి వెడల్పు అట్లాగే నిలిచినది. అడ్డుపట్టీ మీద చూపుడు వేలు ఆనే చోట లోహం అద్దమువలె అరిగినది. పిడి నడుమున చెమటకు నల్లబడినది. అరచేయి తాకని సందులలో మాత్రం పూర్వపు చెక్కడం పదునుగా మిగిలినది. వాదర మీద మూడు గంట్లు వేశాడు. అంతకుముందు కత్తులలో ఇరవై ముప్పై గంట్లుండేవి. ఇప్పుడు ప్రతి గంటుకూ ఒక కారణం కావాలని నియమం పెట్టుకొనేసరికి మూడే మిగిలాయి. వాటిలో రెండింటిని ఆ సైనికుడు సానపట్టి సగం మాన్పుకున్నాడు. మూడవది చివరి నాటిది గనుక దానిని మాన్పే అవకాశం అతనికి కలగలేదు.

ఇందుకు ఏడు రోజులు పట్టినది. ఎనిమిదవ నాడు కోట గోడ కూల్చాడు. కత్తి రాళ్ళ సందున ఎట్లా పడి ఉన్నదో, ఏ పక్క నేలను తాకుతున్నదో, నీరు ఏ వైపు నుండి దిగుతుందో నిర్ణయించుకున్నాడు. అటు పిమ్మట గాని తుప్పు జోలికి పోలేదు. నీరు నిలిచే అడ్డుపట్టీ మొదట్లో పొక్కులు లేచినవి. నేల వైపు పక్క కొరుక్కుపోయినది. పై పక్కన మాత్రం తుప్పు పలుచగా పాకి, దాని కింద నుండి వాడుకనాటి నలుపు, ఒర రాపిడి మెరుపు తొంగి చూస్తున్నవి. జిగురు పెళుసుబారిన పిడి వెంట్రుకవాసి వాలినది. యంత్రం సిద్ధంగా ఉంచిన పూతలను అతడు వాడకపోలేదు. అవి ఎక్కడ పడాలో మాత్రం ఈసారి తానే చెప్పాడు.

పదవ నాటి సాయంకాలం తల్లి కాఫీ గ్లాసుతో గదిలోకి వచ్చినది. తెర మీద కత్తి నెమ్మదిగా తిరుగుతున్నది. కొడుకు చేసే బొమ్మలను ఆమె సాధారణంగా ఒక చూపు చూచి, “బాగుందిరా” అని వెళ్ళిపోతుంది. ఆనాడు గ్లాసు బల్ల మీద పెట్టి నిలబడిపోయినది.

“ఎవరిదిరా ఈ కత్తి?” అన్నది.

అతడు బదులు చెప్పలేకపోయాడు. ఆ సైనికునికి అతడు పేరు పెట్టలేదు. ఎన్ని వందల సంవత్సరాల నాటిదని గాని, ఎట్లా చేశావని గాని తల్లి అడుగలేదు. ఎవరిది అని అడిగినది. అతనికి కావలసిన తీర్పు వచ్చినది.

మరునాడు మితభాషి నుండి ఫోన్ వచ్చినది. “దీన్ని ఉంచుకుంటున్నాం” అన్నాడు. ఉద్యోగం నిలిచినది. ఆటలో ఆ కత్తి కనిపించేది కొద్ది క్షణాలే. ఆటగాడు దానిని రాళ్ళలో నుండి తీసి, ఒకసారి తిప్పి చూచి, ముందుకు సాగిపోతాడు. అరిగిన ఆ చూపుడువేలి చోటు నూటికి ఒక్కరి కంటనైనా పడుతుందో లేదో. అయినా దాని మీద ఒక మనిషి ఇరవై సంవత్సరాలు బ్రతికినట్లు ఎవరికి వారికి తెలియకుండానే తోస్తుంది. ఒక ఇంటిలో అడుగు పెట్టినప్పుడు అక్కడ మనుషులు ఉంటున్నారో, వదలి వెళ్ళారో చెప్పకనే తెలిసినట్లు.

ఆ ఆదివారం పాత ఇనుము కొనేవాడు వీధిలో కేక వేసుకుంటూ వచ్చాడు. తల్లి గుమ్మం దాకా వెళ్ళి, “ఏమీ లేవయ్యా” అని తిరిగి వచ్చినది. తరువాత చింతపండూ, ఇటుక పొడీ తీసుకొని వసారాలో కూర్చొని, కత్తిపీటను తోమడం ఆరంభించినది. కొడుకు గబగబా వచ్చి, “ఆ తుప్పుకు ఒక్క ఫోటో తీసుకోనీ అమ్మా” అని తీసుకున్నాడు. ఆ తరువాత తానే బకెట్‌తో నీళ్ళు తెచ్చి పోశాడు. ఎర్రని నీరు వసారా మెట్ల మీదుగా సందులోకి పారినది. తుప్పు పోయినది. చంద్రవంక లొంగు అట్లాగే ఉన్నది. చెక్క మీది నిగనిగ అట్లాగే ఉన్నది.

తల్లి దానిని పొడిగుడ్డతో తుడిచి, వంటింటిలో నేల మీద పెట్టి, కాస్త సందేహిస్తూనే దాని మీద కూర్చున్నది. అత్తగారి మోకాలు ఆనిన చోటనే ఆమె మోకాలు ఆనినది. చాకు అలవాటైన చేతులు మొదట తడబడినవి. రెండు అరటికాయలు తరిగేసరికి కుదుటపడినవి. తోమి తెల్లగా చేసిన ఇనుము మీద, ఆ వగరు తగిలిన చోట, సన్నగా నలుపు తేలనారంభించినది.